కూత వేరు, జారుడు వేరు: పాత బొలెరో డిఫరెన్షియల్ సంగతి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. 2009 బొలెరో, టూ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, మీటర్ మీద లక్షా ఎనభై వేలు. ఊరు నంద్యాల దగ్గర. స్పీడు 50 దాటాక వెనక నుంచి కూత మొదలై 70 దాకా పెరుగుతుంది, ఆ పైన కాస్త తగ్గుతుంది. మొన్న వానలో నల్లరేగడి చేలో దిగబడితే ఎడమ చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది, కుడిది కదల్లేదు. మెకానిక్ ఈ రెండూ విని "క్రౌన్ పినియన్ పోయింది, హౌసింగ్ దించాలి" అన్నాడు. క్రౌన్ పినియన్ అంటే ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పుడుని అడ్డంగా మళ్ళించి చక్రాలకి ఇచ్చే పళ్ళ జోడీ, చిన్నది పినియన్, పెద్దది క్రౌన్ వీల్. హౌసింగ్ అంటే వాటిని మూసి ఉంచే వెనక ఇనప డొప్ప. దించమనాలా, వద్దా?

ఇప్పుడే దించొద్దు. మీవి రెండు వేరు వేరు సంగతులు. మెకానిక్ వాటిని కలిపి ఒకటి చేశాడు. అందులో రెండోది, అంటే ఒక చక్రమే తిరగడం, అసలు రిపేరే కాదు. ముందు దాన్ని తేల్చేద్దాం.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. అందుకని క్రౌన్ వీల్ మధ్యలో స్టార్ గేర్లు పెట్టి, రెండు యాక్సిళ్ళనీ దేని వేగం దానికి వదిలేశారు. ఈ ఏర్పాటే డిఫరెన్షియల్. అయితే వేగాన్ని ఎంత తేడాగా అయినా పంచుతుంది గానీ బలాన్ని మాత్రం రెండు వైపులా సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఇక్కడే. బురదలో ఉన్న ఎడమ చక్రాన్ని తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు. దానికెంత పోతుందో గట్టి నేల మీదున్న కుడి చక్రానికీ అంతే పోతుంది. ఆ కాస్త బలంతో బండి కదలదు. మీరు ఎంత యాక్సిలరేటర్ తొక్కినా ఆ తిరిగే చక్రమే ఇంకా జోరుగా తిరుగుతుంది.

ట్రాక్టర్ నడిపినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒక చక్రం జారుతుంటే మడమ దగ్గరున్న డిఫరెన్షియల్ లాక్ తొక్కుతారు, లేదంటే జారే వైపు బ్రేకు ఒక్కటే నొక్కుతారు. మీ బొలెరోలో ఆ లాక్ లేదు. 2021లో వచ్చిన బొలెరో నియో పై మోడల్లో తనంతట తానే లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఇచ్చారు. దాన్ని చూసి మన బండిలోనూ ఉండాలి కదా అనుకునేవాళ్ళు చాలామంది తగులుతున్నారు. లేనిది పాడైపోదు.

కానీ ఒక ప్రశ్న. దిగబడినప్పుడు ఎంతసేపు తొక్కారు? అప్పుడు మీటర్ మీద స్పీడు ఎంత చూపించింది? మీటర్ 40 చూపిస్తే, ఒక చక్రం కదలకుండా ఉంది కాబట్టి తిరిగే చక్రం నిజానికి 80 స్పీడులో తిరుగుతున్నట్టు. లోపల స్టార్ గేర్లు మామూలుగా మలుపుల్లో నెమ్మదిగా కదిలేవి. అవి ఆ స్పీడులో వాటి పిన్ను మీద తిరిగితే మధ్యలో ఉండాల్సిన ఆయిల్ పొర నిలవదు. పిన్ను కాలి నల్లబడుతుంది, వాషర్లు అరిగిపోతాయి, ఒక్కోసారి గేరు పిన్నుకి అతుక్కుపోతుంది. దిగబడటం డిఫరెన్షియల్ తప్పు కాదు గానీ, దిగబడ్డాక పది నిమిషాలు రేజ్ చేస్తే మాత్రం డిఫరెన్షియల్‌కి దెబ్బే. అయితే స్టార్ గేర్లు దెబ్బతింటే శబ్దం మలుపుల్లో వస్తుంది, నేరుగా పోయేటప్పుడు రాదు. మీరు చెప్పేది నేరు రోడ్డు మీద కూత. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక కూత సంగతి. నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను. 1990ల చివర్లో మా షెడ్డుకి ఒక కమాండర్ జీపు వచ్చింది. వెనక గుయ్యిమంటోందని ఓనరు చెప్పాడు. నేను పక్కన కూర్చుని ఒక రౌండు వెళ్ళొచ్చి, క్రౌన్ పినియన్ అని తేల్చేశాను. హౌసింగ్ దించి, కొత్త సెట్టు వేసి, బేరింగులు మార్చి, మూడు రోజుల తర్వాత బయటికి తీశాం. అదే కూత. ఇసుమంత తేడా లేదు. ఓనరు ఏమీ అనలేదు, అదే ఎక్కువ కష్టమనిపించింది. సాయంత్రం బండి పక్కన కూర్చుని ఊరికే వెనక టైరు మీద అరచెయ్యి వేసి రాశాను. ముందుకి రాస్తే నున్నగా ఉంది. వెనక్కి రాస్తే రంపం పళ్ళలా చేతికి తగిలింది. ట్రెడ్ గడులన్నీ ఒక అంచు ఎత్తుగా, ఒక అంచు పల్లంగా అరిగిపోయాయి. టైర్లు ముందుకి మార్చగానే కూత ముందుకి పోయింది. పాత క్రౌన్ పినియన్‌లో ఏ దోషమూ లేదు. ఆ లేబర్ నేను తీసుకోలేదు గానీ సామాను డబ్బు ఆయనదే పోయింది. ఆ రోజు నుంచి టైరు మీద చెయ్యి పెట్టకుండా డిఫరెన్షియల్ మాట ఎత్తలేదు.

కాబట్టి మీ మొదటి పని అది. ఖర్చు లేదు. నాలుగు టైర్లూ చేత్తో రెండు వైపులా రాసి చూడండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైనదని. వెనక రెండు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉన్నాయా? సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్ళు ఒక వైపు కొత్తది, ఒక వైపు అరిగినది వేసి ఇస్తుంటారు. అలాంటప్పుడు నేరు రోడ్డు మీద కూడా స్టార్ గేర్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఆ తర్వాత వెనక టైర్లు ముందుకి, ముందువి వెనక్కి మార్చి ఒక యాభై కిలోమీటర్లు తిరగండి. కూత చోటు మారినా, స్వరం మారినా మీ డబ్బు మిగిలినట్టే.

మారకపోతే రోడ్డు పరీక్ష. మీకు దగ్గర్లో కర్నూలు–కడప హైవే ఉంది, ట్రాఫిక్ తక్కువగా ఉన్న పొద్దున పూట వెళ్ళండి. ఏసీ, పాటలు బంద్. వెనక సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి, ఎందుకంటే ముందు కూర్చున్నవాడికి శబ్దం ఎక్కడినుంచి వస్తోందో సరిగా తెలియదు. 60 దగ్గర స్పీడు నిలబెట్టండి. ఇప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి బండిని లాగించండి, తర్వాత కాలు పూర్తిగా తీసేసి గేరులోనే జారనివ్వండి. లాగేటప్పుడు కూసి, కాలు తీయగానే ఆగిపోతే క్రౌన్ పినియన్ పళ్ళ మీద అనుమానం పెట్టొచ్చు. కాలు తీసినప్పుడే ఎక్కువగా కూస్తే పినియన్ బేరింగు వదులై ఉండొచ్చు, పినియన్ నట్టు లూజైనా ఇలాగే ఉంటుంది. గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ దిగేటప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది, ఇంజిన్ బ్రేకింగ్ మీద చాలాసేపు దిగుతారు కాబట్టి. లాగినా వదిలినా ఒకేలా ఉంటే అది పళ్ళది కాదు. చక్రాల బేరింగులదో, టైర్లదో.

అదే 60 స్పీడు నాలుగో గేరులో ఒకసారి, ఐదో గేరులో ఒకసారి పట్టి వినండి. గేరు మారితే శబ్దం మారుతోందంటే గేర్‌బాక్స్ వైపు చూడాలి. మారకపోతే గేర్‌బాక్స్ తర్వాత భాగాలదే. రోడ్డు కాంక్రీటు నుంచి తారుకి మారినప్పుడు శబ్దం మారితే టైరు. ఖాళీ చోట బండిని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ నడపండి. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు గరగర పెరిగితే కుడి వైపు హబ్ బేరింగు. కుడికి తిప్పితే పెరిగితే ఎడమది.

శబ్దం జాతి కూడా చెవికి తెలుస్తుంది. మీ టైర్లు 215/75 ఆర్15 అయితే చుట్టుకొలత రమారమి 2.2 మీటర్లు. 60 స్పీడులో చక్రం సెకనుకి ఏడున్నర చుట్లు తిరుగుతుంది. క్రౌన్ పినియన్ రేషియో నాలుగు దరిదాపుల్లో ఉంటుందనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకి ముప్పై చుట్లు. పినియన్‌కి పది పళ్ళనుకున్నా సెకనుకి మూడొందల పళ్ళు తగులుతాయి. అందుకే చక్రం బేరింగుది గుర్... గుర్... అని ఆగి ఆగి వచ్చే మూలుగు. షాఫ్ట్‌ది సీటు కింద జుమ్మనే వణుకు. క్రౌన్ పినియన్‌ది సన్నటి కూత, దూరంగా పోతున్న లారీ ఊళలాగా ఉంటుంది. మీరు రాసినదాన్ని బట్టి మూడోదిలాగే ఉంది, కాదనను. కానీ రాసింది చదివి చెప్పడానికి, చెవితో విని చెప్పడానికి తేడా ఉంది.

ఇప్పుడు జాక్ పరీక్ష. దీనికి ముందు ఒక హెచ్చరిక, తేలిగ్గా తీసుకోకండి. వెనక ఒక చక్రం లేపితే "బండి గేరులో ఉందిగా, కదలదు" అనుకుంటారు. కదులుతుంది. ఒక చక్రం గాల్లో ఉంటే అది వెనక్కి తిరిగి, నేల మీది చక్రం ముందుకి తిరగడానికి డిఫరెన్షియల్ దారి ఇస్తుంది. హ్యాండ్ బ్రేకు తీసి చూడాలి కాబట్టి, ముందు చక్రాలకి రెండు వైపులా గట్టి రాళ్ళో మొద్దులో పెట్టండి. చదును నేల, కింద స్టాండ్లు. జాక్ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు.

రెండు వెనక చక్రాలూ లేపి, ఇంజిన్ ఆపి, గేరులో పెట్టి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కులో తిరగాలి. నున్నగా తిరిగితే స్టార్ గేర్లు బాగున్నట్టే. ఒక్కో చోట పట్టేసి కటక్కుమంటే బాలేదు. తర్వాత చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి, కదలిక ఉంటే హబ్ బేరింగు.

ఇంకోటి, బండిలో టక్కుమనే శబ్దం ఉందని మీరు రాయలేదు గానీ చూడటం మంచిది. కిందకి వెళ్ళి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పండి. కాస్త ప్లే, అంటే వదులు, ప్రతి బండిలోనూ ఉంటుంది, పాత బండిలో ఇంకాస్త. ఆ ప్లే ఎక్కడ ఉందో కళ్ళతో చూడాలి. షాఫ్ట్ కొనల్లో కీలులా ఉండే క్రాస్ దగ్గర ఒక వైపు కదిలి రెండో వైపు కదలకపోతే క్రాస్ పోయింది. క్యాపుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే చూడనక్కర్లేదు, మార్చేయండి. షాఫ్ట్ వచ్చి బిగిసే పినియన్ ఫ్లాంజ్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కదలకూడదు. వెంట్రుక వాసి కదిలినా పినియన్ బేరింగు పోయినట్టే. కమాన్ పట్టీల యూ బోల్టులు కూడా పానాతో పట్టి చూడండి. అవి లూజైతే హౌసింగ్ మెలి తిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు షాఫ్ట్ కోణం మారి, లాగేటప్పుడు మాత్రమే వణుకు వస్తుంది. క్రౌన్ పినియన్ మీద ఎన్ని తప్పుడు కేసులు ఈ నాలుగు బోల్టుల వల్లే పెట్టారో!

ఇవన్నీ అయ్యాక ఆయిల్. డాక్టరు రక్తపరీక్ష లాంటిది ఇది, మీ విషయంలో అసలు జవాబు ఇందులోనే దొరుకుతుందని నా నమ్మకం. ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పండి, తర్వాతే కింది డ్రెయిన్ బోల్టు. ఆయిల్ అంతా దించేశాక ఫిల్లర్ బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే నిలబడుతుంది. చిటికెన వేలు లోపలికి పెడితే ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా తగలాలి. తగలకపోతే ఎక్కడినుంచి కారిందో వెతకాలి. బండి ఒక పది కిలోమీటర్లు తిప్పి, గోరువెచ్చగా ఉన్నప్పుడు శుభ్రమైన బేసిన్‌లోకి దించండి.

రంగు చూడండి. నల్లగా ఉంటే పాతది, అంతే. పాలు ఎక్కువైన టీలా ఉంటే నీళ్ళు చేరాయి. వాగు దాటే బండ్లకి ఇది మామూలే. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ లోంచో, సీళ్ళ లోంచో నీళ్ళు పీల్చుకుంటుంది. హౌసింగ్ మీద చిన్న టోపీలా ఉండే ఆ బ్రీదర్‌ని ఎవరూ పట్టించుకోరు. మట్టి నిండి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ యాక్సిల్ సీలు దాటి బ్రేకు డ్రమ్ములోకి వస్తుంది. వెనక ఒక చక్రం లోపలి వైపు తడిగా ఉంటే సీలు మార్చేముందు బ్రీదర్ విప్పి కడగండి.

డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే సరే, లేకపోతే పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి బేసిన్‌లో తిప్పండి. పట్టుకున్నదాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్దండి. కాటుకలా మెత్తగా, బూడిద రంగులో ఉంటే లక్షా ఎనభై వేల బండికి అది సహజం. వేళ్ళకి గరుగ్గా తగిలినా, సూదుల్లాంటి ముక్కలు వచ్చినా, గోరు సైజు పెచ్చు దొరికినా అప్పుడు మీ మెకానిక్ మాట నిజం, హౌసింగ్ దించమనండి. ఇంకో అనుమానం కూడా చెప్తాను. ఆయిల్ జావలా చిక్కగా వచ్చినా, అందులో రంపపు పొట్టు కనిపించినా ఆశ్చర్యపోకండి. కూత వినిపించకుండా అమ్మడానికి అది పాత కిటుకు. సెకండ్ హ్యాండ్ బండి కదా, మీరు కొన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఇప్పుడు కూస్తోందంటే ఇది కూడా మనసులో పెట్టుకోండి.

నింపేటప్పుడు జీఎల్-5 అని రాసున్న గేర్ ఆయిలే కావాలి, సాధారణంగా 80డబ్ల్యూ-90. క్రౌన్ పినియన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ నలుగుతాయి, ఆ ఒత్తిడికి జీఎల్-4 చాలదు. షాపులో "90 నంబర్ ఆయిల్" అని అడిగితే ఏదిచ్చినా 90 నంబరే, డబ్బా మీద జీఎల్ నంబరు చదివి తీసుకోండి. కూత తగ్గుతుందని ఇంకా చిక్కగా ఉండే 140 నంబరు పోయమనేవాళ్ళుంటారు. తగ్గుతుంది కూడా. అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది.

ఒకవేళ దించాల్సే వస్తే దగ్గర నిలబడి రెండు చోట్ల కళ్ళు పెట్టండి. ఒకటి, పినియన్ నట్టు. చాలా హౌసింగుల్లో రెండు పినియన్ బేరింగుల మధ్య నలిగే స్పేసర్ ఒకటి ఉంటుంది. నట్టు బిగించిన కొద్దీ అది కొంచెం నలిగి, బేరింగులకి సరిపడా బిగువు ఇస్తుంది. ఒకసారి నలిగితే మళ్ళీ సాగదు. ఇంకో బండి నాకు ఇలాగే వచ్చింది. అంతకు ముందు వేరే చోట పినియన్ సీలు మార్చారు. చిన్న పని. నట్టుని ఇంపాక్ట్ గన్‌తో టర్ర్‌మని బిగించేశారు. కొద్ది రోజులకే ఊళ మొదలైంది. విప్పితే బేరింగు రోలర్లు నీలం రంగుకి కాలిపోయి ఉన్నాయి. మీ బండికి సీలు మార్చినా సరే, విప్పేముందు నట్టు మీదా పినియన్ కొన మీదా సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టి, ఎన్ని మరలు బయటికి ఉన్నాయో లెక్కపెట్టి, మళ్ళీ అక్కడికే బిగించాలి. బేరింగులు మారిస్తే కొత్త స్పేసరే వెయ్యాలి. గన్ మాత్రం దూరంగా పెట్టించండి.

రెండు, క్రౌన్, పినియన్ జోడీగా అరగదీసి అమ్మే సామాను. రెంటి మీదా ఒకే నంబరు ఉండాలి. ఒక్క పినియన్ మార్చి సరిపెడతానంటే ఒప్పుకోవద్దు. పళ్ళు బాగుండి బేరింగులే పోయి ఉంటే, షిమ్ములు, అంటే సందు సరిచేసే పల్చటి రేకులు, ఏ వైపువి ఆ వైపే, ఉన్నంత మందంలోనే వేయించండి. పాత పళ్ళు ఇన్నేళ్ళు ఒక చోట తగిలి ఒదిగిపోయాయి. వాటిని పుస్తకంలో ఉన్న కొత్త గేరు కొలతకి తెస్తానని జరిపితే కూత ఇంకా పెరుగుతుంది. కొత్త సెట్టయితే మాత్రం కొలతల ప్రకారమే చెయ్యాలి, పళ్ళకి బ్లూ, అంటే మచ్చ తెలియడానికి వాడే నీలి రంగు, పూసి తిప్పి మచ్చ ఎక్కడ పడిందో మీకు చూపించమనండి. మచ్చ పంటి మధ్యలో ఉండాలి. పంటి మొదట్లోకి దిగితే పినియన్ ఎక్కువ లోపలికి పోయినట్టు, పంటి అంచున ఉంటే తక్కువ పోయినట్టు. షిమ్ము మార్చి మళ్ళీ బిగించి మళ్ళీ చూడాలి. మూడు నాలుగుసార్లు విప్పి బిగించడానికి విసుక్కునే మెకానిక్‌కి ఈ పని ఇవ్వొద్దు.

చివరగా, వాన తగ్గలేదు, మళ్ళీ చేలోకి పోతారు కాబట్టి ఒక మాట. ఒక చక్రం తిరగడం మొదలైతే కాలు తీసేయండి. హ్యాండ్ బ్రేకు నాలుగైదు పళ్ళు లాగి, ఫస్టు గేరులో మెల్లగా క్లచ్ వదలండి. బ్రేకు రెండు చక్రాలనీ పడుతుంది, తిరిగే చక్రానికి ఎదురు దొరికిన మేరకి రెండో చక్రానికీ బలం పోతుంది. కానీ ట్రాక్టర్‌లో ఒక వైపు బ్రేకు తొక్కినంత ఫలితం ఉండదు, రెండో చక్రాన్ని కూడా బ్రేకు పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ బలంలో చాలా భాగం అదే తినేస్తుంది. అందుకే దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. హ్యాండ్ బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుండే పాత జీపుల్లో ఇది పనికిరాదు, మీ బండిలో చక్రాల మీదే ఉంది. కదలకపోతే రేజ్ చెయ్యకుండా దిగి, చక్రం ముందు గోనె సంచులు గానీ కందికట్టె గానీ వేయండి. టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా దించితే రేగడిలో పట్టు బాగా పెరుగుతుంది. అయితే గాలి పంపు బండిలో ఉంటేనే దించండి. 20 గాలితో హైవే ఎక్కి నంద్యాల దాకా పోతే టైరు పక్కలు వేడెక్కి చీలిపోతాయి.